మనమిచ్చిన అనుమతి: బ్రౌజరులో తలుపు తట్టే ప్రకటనలు, వాటి నివారణ

మన వన్ టౌనులో ఇంటికి ఒక్క ఫోనుతో సరిపెట్టుకొనే కుటుంబాలు నేటికీ తక్కువేమీ కాదు. పగటిపూట ఆ ఫోను తండ్రి వెంట పోర్టుకో, ఫిషింగ్ హార్బరుకో, కురుపాం మార్కెట్టులోని దుకాణానికో వెళ్తుంది. సాయంత్రం ఇల్లు చేరిన తరువాత అక్క స్కాలర్‌షిప్ దరఖాస్తుకు, తమ్ముని పాఠాలకు, తల్లి గ్యాసు బుకింగుకు అదే ఆధారం. బ్యాంకు పంపే ఓటీపీ వచ్చేది కూడా దానికే. అటువంటి ఫోను మీద గంటకు పదిసార్లు "మీ ఫోనుకు వైరస్ సోకినది", "మీకు బహుమతి వచ్చినది", "ఇంటి వద్దనే ఉద్యోగం" అంటూ ఎవరూ కోరని కబుర్లు వచ్చి పడుతుంటే ఇల్లంతా కలవరపడుతుంది. ఇంటిలో ఇంగ్లీషు చదవగలిగినది విద్యార్థి ఒక్కడే, లేదా ఒక్కతే అయినప్పుడు ఆ చిక్కు విప్పే భారం వారి మీదనే పడుతుంది. ఫోనును దుకాణానికి తీసుకొని వెళ్ళి, దానిలోని ఫోటోలు, పాఠాలు సమస్తం తుడిపించుకొని, పైగా డబ్బు చెల్లించి వచ్చేవారిని మేము చూస్తూనే ఉన్నాము. కొన్ని రోజులకు అవే సైట్లు తెరుస్తారు, అవే మీటలు నొక్కుతారు, అవే ప్రకటనలు మళ్ళీ వస్తాయి.

ఈ పీడ ఎక్కడి నుండి వస్తున్నది, దానిని పైసా ఖర్చు లేకుండా ఎట్లా వదిలించుకొనవచ్చును అనే విషయాన్ని మన విద్యార్థినీ విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. మొదట ఒక్కమాట చెప్పవలెను. తెర మీద కనిపించే అనవసరపు ప్రకటనలన్నీ ఒకే జాతివి కావు. జ్వరమన్నంత మాత్రాన మలేరియాకు, టైఫాయిడుకు ఒకే మందు ఇవ్వరు గదా! ఇక్కడ కూడా మూడు వేరువేరు వ్యాధులు ఉన్నవి. సైటు చూస్తుండగా దాని మీద మరొక కిటికీ తెరచుకొనడం మొదటిది. దీనిని పాప్-అప్ అంటారు. సైటు మూసివేసిన తరువాత కూడా, గంటలు రోజులు గడచిన తరువాత కూడా, కబుర్లు వస్తూ ఉండడం రెండవది. ఇది బ్రౌజరు నోటిఫికేషన్. మూడవది యాడ్‌వేర్, అనగా ఫోనులోనో కంప్యూటరులోనో తిష్ఠ వేసుకొని ప్రకటనలను పుట్టించే ఒక ప్రోగ్రాము. నేడు ఎక్కువమందిని వేధిస్తున్నది రెండవది. దానిని మూడవదిగా పొరబడి "వైరస్" అని భయపడడం వలననే నష్టమంతా జరుగుతున్నది.

పాప్-అప్ చరిత్ర చిన్నది. 1990ల మధ్యకాలంలో అమెరికాలోని ట్రైపాడ్ అనే సంస్థ, ఎవరైనా ఉచితంగా తమ పేజీ తయారు చేసుకొనే వసతి కల్పించినది. ఆ పేజీల మీద ప్రకటనలు వేసి ఆదాయం గడించడం దాని వ్యాపారం. ఒక కార్ల కంపెనీ ప్రకటన అసభ్యమైన పేజీ పక్కన పడినదట; కంపెనీ వారు అలిగినారు. అప్పుడు అక్కడ పనిచేస్తున్న ఈథన్ జుకర్‌మన్, ప్రకటన పేజీలో భాగం కాకుండా విడిగా మరొక కిటికీలో తెరచుకొనేటట్లు కోడు వ్రాసినాడు. 2014లో ఆయనే ఒక వ్యాసంలో ఈ సంగతి చెప్పి లోకానికి క్షమాపణ చెప్పుకొన్నాడు. మొదట ఒపెరా, మొజిల్లా వంటి బ్రౌజర్లు, 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఈ కిటికీలను అడ్డుకొనడం నేర్చినవి. కనుక మొదటి వ్యాధికి నేటి బ్రౌజర్లన్నింటిలో టీకా ఉన్నది. దానిని గురించి ఇంతకన్నా చెప్పవలసినది లేదు.

నోటిఫికేషన్ సంగతి వేరు. అది దొంగదారిన రాలేదు. ప్రధాన ద్వారం గుండానే వచ్చినది. 2015 ఏప్రిల్‌లో విడుదలైన క్రోమ్ 42వ కూర్పు నుండి వెబ్‌సైటు కూడా యాప్ వలె ఫోనుకు కబురు పంపే వీలు కలిగినది. మరుసటి సంవత్సరం ఫైర్‌ఫాక్స్ కూడా ఈ వసతి ఇచ్చినది. దీని ఉపయోగం కాదనలేనిది. వార్తాపత్రికవారు ముఖ్యవార్తను, మెయిలు సంస్థవారు కొత్త ఉత్తరాన్ని, తుపాను హెచ్చరికను సైతం ఈ మార్గాన తెలుపవచ్చును. హుద్‌హుద్‌ను చూచిన మన ఊరివారికి హెచ్చరిక విలువ చెప్పనక్కరలేదు.

ఇది పనిచేసే తీరును పోర్టు గేటు పాసుతో పోల్చి చూడవచ్చును. ఒక సైటు "నేను మీకు నోటిఫికేషన్లు పంపవచ్చునా?" అని అడుగుతుంది. మనం "అలౌ" అనే మీట నొక్కితే బ్రౌజరు ఆ సైటు పేరుమీద ఒక పాసు వ్రాసి ఇస్తుంది. ఆ సైటుకు చెందిన చిన్న ప్రోగ్రాము తునక ఒకటి మన బ్రౌజరులో కాపలాదారు వలె ఉండిపోతుంది. దీనికి సర్వీస్ వర్కర్ అని పేరు. తరువాత సైటువారు కబురును తిన్నగా మన ఫోనుకు పంపరు. బ్రౌజరు సంస్థ నడిపే సర్వరుకు పంపుతారు, ఆ సర్వరు మన ఫోనుకు చేరవేస్తుంది, నిద్రలో ఉన్న ఆ తునక మేలుకొని కబురును తెర మీద చూపుతుంది. కనుకనే సైటును మూసినా కబుర్లు ఆగవు. బ్రౌజింగు చరిత్రను మాత్రమే చెరిపివేసినా ఆగవు. వచ్చిన మనిషిని ఈ రోజు బయటకు పంపినంత మాత్రాన అతని జేబులోని పాసు రద్దు కాదు గదా. పాసును రద్దు చేయవలెను. ఈ వ్యాసంలో చెప్పదలచిన ప్రధాన విషయం ఇంతే: ఇది రోగం కాదు, ఎప్పుడో మనమిచ్చిన అనుమతి. మా ఉర్దూ విభాగపు మిత్రుల మాటలో చెప్పాలంటే, ఈ దస్తక్ వెనుక మనమిచ్చిన ఇజాజత్ ఉన్నది.

"మేము ఎవరికీ అనుమతి ఇవ్వలేదే!" అని చాలామంది అంటారు. వారు అబద్ధమాడడం లేదు. అనుమతి ఇస్తున్నట్లు తెలియకుండా ఇప్పించడమే ఇందులోని విద్య. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజును తలచుకొనండి. ప్రభుత్వ సైటు రద్దీ వలన నెమ్మదిస్తుంది. అప్పుడు వెదుకులాటలో పైకి తేలిన ఏదో ఒక సైటును తెరుస్తాము. హాల్ టికెట్టు నంబరు వ్రాసే పెట్టె కనిపించక ముందే ఒక ప్రశ్న అడ్డు వస్తుంది. గుండె దడదడలాడుతున్న విద్యార్థి ఆ ప్రశ్నను చదువునా? ఏ మీట నొక్కితే అది తొలగిపోతుందో ఆ మీట నొక్కుతాడు. కొన్ని సైట్లు ఇంకా తెలివి చూపుతాయి. "మీరు రోబోట్ కాదని నిరూపించుటకు అలౌ నొక్కండి" అని బాణం గుర్తు వేసి చూపుతాయి. సినిమా చూపే సైట్లు "వీడియో మొదలు కావలెనన్న అలౌ నొక్కండి" అంటాయి. ఇది పచ్చి అబద్ధం. మనిషా, రోబోటా అని పరీక్షించుటకు నోటిఫికేషన్ అనుమతి ఏనాడూ అవసరం లేదు. ఫలితం చూపుటకు గాని, వీడియో నడుపుటకు గాని అవసరం లేదు.

ఈ ప్రశ్నలు జనానికి ఎంత విసుగు పుట్టించినవో మొజిల్లా సంస్థ లెక్కించి చూచినది. 2018 డిసెంబరు 25 నుండి 2019 జనవరి 24 వరకు ఫైర్‌ఫాక్స్‌లో ఇటువంటి ప్రశ్నలు 145 కోట్లసార్లు చూపబడగా, అంగీకారం లభించినవి సుమారు 2 కోట్ల 36 లక్షలు మాత్రమే. అనగా ఒక్కరు "సరే" అంటే అరవైమంది కాదన్నారు, లేదా పట్టించుకొనలేదు. ఈ అనుభవంతో 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్, ఫిబ్రవరిలో క్రోమ్, ఈ ప్రశ్నను కొంత అణచి ఉంచే పద్ధతులు తెచ్చినవి. 2024 నుండి క్రోమ్, మోసపూరితమని తాను గుర్తించిన సైట్ల అనుమతిని తానే రద్దు చేయసాగినది. అయినప్పటికీ పాత ఫోన్లలో పాత అనుమతులు పాతుకొనియే ఉన్నవి.

ఇక అసలు ప్రమాదం ప్రకటనతో ముగియదు, ప్రకటనతో మొదలవుతుంది. "మీ ఫోనులో 13 వైరస్‌లు ఉన్నవి, వెంటనే శుభ్రం చేయండి" అనే కబురును తాకినామనుకొనండి. ఎర్రని తెర, పేరున్న కంపెనీ గుర్తు, వెనుకకు లెక్కించే గడియారం ప్రత్యక్షమవుతాయి. వెబ్‌సైటు మన ఫోనులోని ఫైళ్ళను వెదకి వైరస్‌ను కనుగొనజాలదు. ఆ శక్తి దానికి లేదు. ఆ లెక్క అందరికీ చూపే లెక్కయే. కాని భయపడిన మనిషి అది చూపిన "క్లీనర్" అనే యాప్‌ను దించుకొంటాడు. అంతవరకు లేని రోగం అప్పుడు వస్తుంది! 2024 మార్చిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు సంస్థల మీద ఇటువంటి అభియోగమే మోపినది. నకిలీ విండోస్ హెచ్చరికలు చూపి, లేని దోషాలకు మరమ్మతు అమ్మినారన్నది ఆరోపణ. ఆ సంస్థలు 2 కోట్ల 60 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నవి.

ఈ కథలో మన దేశం రెండు వైపులా ఉన్నది. నకిలీ హెచ్చరికలో ఒక ఫోను నంబరు ఇచ్చి, ఆ నంబరుకు ఫోను చేసినవారిని దోచే కాల్ సెంటర్లు మన దేశంలోనే వెలసినవి. 2023 అక్టోబరులో సీబీఐ "ఆపరేషన్ చక్ర-2" పేరిట 76 చోట్ల సోదాలు జరిపినది. వాటికి మూలమైన కేసులలో అమెజాన్, మైక్రోసాఫ్ట్ సంస్థల ఫిర్యాదుల మీద నమోదైనవి ఉన్నవి. మనకు మరీ చేరువలో, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో, అమెరికావారికి ఫోన్లు చేసి మోసగిస్తున్న కాల్ సెంటర్ల ముఠాను 2025 మే నెలలో పోలీసులు పట్టుకొన్నారు. "ఉద్యోగం" అనే ఎరను కూడా తేలికగా తీసుకొనరాదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన విశాఖ పరిసరాల యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన వైనం 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టినారు. ఆ యువకులకు ఎర వేసినది బ్రౌజరు నోటిఫికేషన్లని మేము అనడం లేదు, ఏజెంట్లు వేసినారు. అయితే డిగ్రీ చేతబట్టుకొని ఉద్యోగం కొరకు చూస్తున్న పిల్లవానికి, ముఖం తెలియనివారు పంపే "ఇంటి వద్ద ఉద్యోగం" కబురు ఏ లోకపు గుమ్మంలోకి దారి తీయవచ్చునో ఊహించుటకు ఈ ఉదంతం చాలును.

నివారణ చూద్దాము. ఆండ్రాయిడ్ ఫోనులో అయితే, ఈసారి ఆ కబురు వచ్చినప్పుడు దానిని తోసివేయకండి, తాకి తెరవకండి. నిదానంగా చదవండి. పైన ఏ యాప్ నుండి వచ్చినదో ఉంటుంది. "క్రోమ్" అని ఉండి, పక్కన ఏదో సైటు పేరు ఉంటే రోగనిర్ణయం అయిపోయినట్లే. అది వైరస్ కాదు, అనుమతి. ఆ కబురును కొంతసేపు అదిమి పట్టితే దానిని ఆపివేసే మీట కనిపిస్తుంది. ఇంకా మంచి మార్గం ఏమంటే, క్రోమ్ తెరచి, పైన కుడివైపు మూడు చుక్కలను తాకి, సెట్టింగులు, అందులో సైట్ సెట్టింగులు, అందులో నోటిఫికేషన్లు అనే చోటికి వెళ్ళవలెను. అనుమతి పొందిన సైట్ల జాబితా అక్కడ ఉంటుంది. మన ఊరి జనాభా అంత ఉన్నదని కొందరు నవ్వుతారు! తెలియని పేరు ప్రతిదానిని తాకి అనుమతి తీసివేయవలెను. ఆ పేజీ పైభాగాన ఉన్న మీటను ఆపివేస్తే ఇకమీదట ఏ సైటూ ఈ ప్రశ్న అడగనే అడగదు. ఇది చేసినందువలన వాట్సాప్ కబుర్లు గాని, బ్యాంకు సందేశాలు గాని ఆగవు. అవి వేరే మార్గాన వస్తాయి. ఇంటిలోని పెద్దల ఫోన్లలో ఈ మీటను ఆపివేయడమే మేలని మా అభిప్రాయం.

కంప్యూటరులోని క్రోమ్‌లో ఇదే దారి. మధ్యలో "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ" అనే మెట్టు ఒకటి ఎక్కువ. ఫైర్‌ఫాక్స్‌లో ఆ పేజీలోనే "పర్మిషన్స్" అనే భాగాన నోటిఫికేషన్ల ఎదుట ఉన్న మీట నొక్కితే జాబితా వస్తుంది. కొత్త అభ్యర్థనలను నిరోధించే గడిలో గుర్తు పెట్టవలెను. ఐఫోను వాడేవారికి ఈ బాధ అరుదు. 2023 మార్చిలో వచ్చిన 16.4 కూర్పు వరకు అక్కడ ఈ వసతియే లేదు. ఇప్పుడు కూడా హోమ్ స్క్రీనుకు చేర్చుకొన్న సైట్లకు మాత్రమే ఉన్నది.

ఈ పని చేసిన తరువాత కూడా ప్రకటనలు ఆగకపోతే, లేదా ఏ సైటూ తెరవకుండానే తెరనిండా ప్రకటన ముంచుకొని వస్తుంటే, అప్పుడు యాడ్‌వేర్‌ను అనుమానించవలెను. ఫోనులో దాని స్థావరం సాధారణంగా టార్చిలైటు, వాల్‌పేపరు, క్లీనరు వంటి ఉచిత యాప్. ప్రకటన తెర మీద ఉన్నప్పుడే ఇటీవల వాడిన యాప్‌ల జాబితాను తెరచి చూస్తే దొంగ పేరు తరచుగా అక్కడే దొరుకుతుంది. సెట్టింగులలో "ఇతర యాప్‌ల పైన కనిపించే" అనుమతి ఏ యాప్‌లకు ఉన్నదో చూచి, అక్కరలేని వాటికి తీసివేయవలెను. ఫోనును సేఫ్ మోడ్‌లో నడిపితే మనం చేర్చుకొన్న యాప్‌లు పనిచేయవు. అప్పుడు ప్రకటనలు ఆగితే తప్పు వాటిలో ఒకదానిదే. కొత్తగా చేర్చినవాటిని ఒక్కొక్కటిగా తీసివేసి చూడవచ్చును. కంప్యూటరులో అయితే బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లను, ఇటీవల చేరిన ప్రోగ్రాములను పరిశీలించి తొలగించి, చివరకు బ్రౌజరును రీసెట్ చేయవలెను. సొంత కంప్యూటరు అయి ఉండి, క్రోమ్ మెనూలో "మీ సంస్థచే నిర్వహించబడుచున్నది" అనే మాట కనిపిస్తే, ఏదో ప్రోగ్రాము మన అధికారాన్ని తానే చేపట్టినదేమోనని అనుమానించవలెను. కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో శుభ్రపరచే ఉపకరణాలు ఉచితంగా లభిస్తాయి. ప్రకటన చూపిన ఉపకరణాన్ని మాత్రం ఎన్నడూ ముట్టరాదు.

యాడ్‌వేర్ బీదవారి ఉచిత యాప్‌లకే పరిమితమని అనుకొనరాదు. లెనోవో సంస్థ అమ్మిన కొన్ని కొత్త ల్యాప్‌టాపులలోనే సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాము ఉండడం 2015 ఫిబ్రవరిలో పెద్ద రచ్చ అయినది. ప్రకటనలు దూర్చుటకై అది రహస్యంగా సాగవలసిన సురక్షిత సంభాషణను కూడా మధ్యలో విప్పేది. 2017లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ, ఫైర్‌బాల్ అనే యాడ్‌వేర్ ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లకు సోకినదని, అందులో రెండున్నర కోట్లు భారతదేశానివని అంచనా వేసినది. ఈ లెక్క అతిశయోక్తి అని మైక్రోసాఫ్ట్ వాదించినది. అంకె ఏదైనా, ఉచిత ప్రోగ్రాముతో జతకట్టి అడగకుండా దిగబడడమే దాని పద్ధతి.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న "డార్క్ ప్యాటర్న్స్" మీద మార్గదర్శకాలు జారీచేసినది. వినియోగదారుని తికమకపెట్టి తమకు కావలసిన మీట నొక్కించే 13 మాయోపాయాలను అందులో పేర్కొని నిషేధించినారు. పదేపదే అడిగి వేధించుట, మారువేషపు ప్రకటన, లేని వైరస్ ఉన్నదని బెదిరించి నకిలీ ఉపకరణం అంటగట్టుట, ఈ మూడూ ఆ జాబితాలో ఉన్నవి. యజమాని అనుమతి లేక కంప్యూటరులో హానికర ప్రోగ్రాము ప్రవేశపెట్టుట 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను క్రిందికి, మారువేషంతో మోసగించుట 66-డి సెక్షను క్రిందికి వస్తాయి. దూరదేశపు సైటును ఈ చట్టాలతో పట్టుకొనడం కష్టమే. ఆ మాట దాచనక్కరలేదు.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఒక కంప్యూటరు గదిలో ఒకే యంత్రం మీద రోజుకు ఎందరో కూర్చుంటారు. ఉదయం ఒకరు నొక్కిన "అలౌ", సాయంత్రం స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుకొనే విద్యార్థిని ఎదుట ఎర్రతెరగా లేస్తుంది. కనుక ప్రతి యంత్రంలోను నోటిఫికేషన్ ప్రశ్నను మూలంలోనే ఆపివేయించవలెను. క్రోమ్‌లో దీనికి ప్రత్యేక పాలసీ ఉన్నది, డబ్బు ఖర్చు లేదు. విద్యార్థులు వాడే ఖాతాకు ప్రోగ్రాములు చేర్చే అధికారం ఉండకూడదు. ఫలితాల రోజున, దరఖాస్తుల గడువు రోజులలో, అసలైన ప్రభుత్వ సైట్ల చిరునామాలను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి నోటీసు బోర్డులో పెట్టించవలెను; కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సైట్లు సాధారణంగా "డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తాయి. ఆండ్రాయిడ్ ఫోనును తెలుగులో గాని ఉర్దూలో గాని నడుపుకొనవచ్చునని కూడా అదే బోర్డులో ఒక పంక్తి చేర్చితే బాగుండును. ప్రశ్న తన భాషలో కనిపించినప్పుడు తల్లి కూడా దానిని చదువగలదు.

ఇంతవరకు చెప్పినది డబ్బు పోకముందు చేయవలసిన పని. ఒకవేళ ఎవరైనా అటువంటి కబురును నమ్మి కార్డు నంబరో ఓటీపీయో ఇచ్చి, ఖాతా నుండి సొమ్ము పోయినట్లయితే, సిగ్గుపడి ఇంటిలో దాచిపెట్టరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేస్తే సొమ్మును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవలెను, బ్యాంకుకు తెలిపి కార్డును ఆపించవలెను. ఆ మోసపు కబురును తుడిచివేయక ముందే దాని స్క్రీన్‌షాట్ తీసి, సైటు పేరు, వచ్చిన సమయం ఒక కాగితం మీద వ్రాసి ఉంచుకొనండి. ఫిర్యాదు నింపేటప్పుడు వాటిని అడుగుతారు.